పసుపు పూసిన జొన్నల మూట

నిన్న పొద్దుగాల మా కోడలు నన్ను పట్టుకున్నది. పిండి గిర్నీకి పంపేటందుకు జొన్నలు తీస్తాంది. నేను మెల్లగ ఒక పిడికెడు తీసి మూలకున్న మట్టికుండల ఏసిన. "అత్తమ్మా, గింజలు తీసినప్పుడల్లా చూస్తున్న. ఈ కుండ ఎవరిది? మల్లన్నదా, ఏసయ్యదా?" అన్నది నవ్వుకుంట. "వాళ్లిద్దరికి ఎరుకే తియ్యి" అన్న. అన్ననే గని బీదర్ల మా కాలేజి యాదికొచ్చి, చేతిలున్న చాయ్ సల్లారిపోయింది.

మాది ఔరాద్ దిక్కు, చింతకి అనే ఊరి పక్కన పల్లె. ఇంట్ల తెలుగు, బడిల కన్నడం, సంతల మరాఠీ, బస్సుల ఉర్దూ. ఎక్కడ ఏ భాషల తిట్లు పడతయో ముందే ఎరుకుండేది. అప్పుడు మాది ఇంక మైసూరు రాష్ట్రమే. మా ఇంటి పేరుల కాలేజి మెట్లెక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా మెడ కొంచెం లేస్తది, లేవనియ్యిర్రి. క్రైస్తవుల మిషన్ నడిపే టీచర్ ట్రైనింగ్ కాలేజి అది. ఎర్రరాతి గోడలు, వానపడితే తడిమన్ను వాసన, హాస్టల్ వెనుక పొద్దంత పొగలు కక్కే వంటిల్లు. కాలేజి పెద్దను మేం పెద్ద టీచరమ్మ అంటుంటిమి. తెల్లచీర, మగోళ్ల చెప్పులు. వరండాల ఆ చెప్పుల కిర్రుమనే చప్పుడు వినంగనే కునికేటోళ్లందరికి కన్నడ వ్యాకరణం మీద యాడలేని ప్రేమ పుట్టేది. అక్కడి చర్చి ఆడోళ్లకు ఒక అలవాటుండె. వంటకు గింజలు తీసినప్పుడల్లా దేవుని పేరు మీద పిడికెడు పక్కన ఏస్తరు, కుండ నిండితే చర్చికిస్తరు.

నా చదువు ఆఖరు ఏడాదిల మిషన్ పెద్దల కబురొచ్చింది. బయటి నుంచి వచ్చే సాయం ఆగింది, కాలేజి మూస్తున్నం, పిల్లలను ఇండ్లకు పంపుర్రి అని. పరీక్షలు ఎండకాలంల. నడుమల పోతే చదివినదంత గంగల కలిసినట్టే, టీచర్ నౌకరి కల్లనే. పాఠాలు చెప్పేటోళ్లు జీతం లేకున్నా చెప్తమన్నరు. తిండికాడనే పెద్ద గోస. సాయంత్రం ప్రార్థనల పెద్ద టీచరమ్మ లేచి, "కాలేజి మూసుడు మన చేతుల లేదు. గని మీరు పరీక్ష రాసేదాక నడుస్తది. ఎట్ల నడుస్తదో నాకు తెల్వది, ఆయనకు ఎరుక" అని కూసున్నది. నాకు మండింది. ఆయనొచ్చి పొయ్యికాడ రొట్టెలు కొడుతడా అనుకున్న.

ఇంటికి పోయి అమ్మ ముంగట ఏడ్చిన. అమ్మ చేతిల పిండి దులుపుకొని, "వాళ్లు పిడికెడు తీస్తరంటివి గదా. మన పిడికిలికి ఏమొచ్చింది?" అన్నది. తెల్లారి ఇంటి దేవుడు మల్లన్న ముంగట కొత్తకుండ పెట్టి, పసుపు రాసి, వాడకట్టు ఆడోళ్లందరితోని జొన్నలు ఏయించింది. దేవుని పేరు మీద తీసేటివి దేవుని ముంగట పెట్టక యాడ పెడతరు మరి? మా అమ్మ లెక్క అది. మూటకు గూడ పసుపు దట్టంగ పూసి, ఔరాద్ సంతనాడు నాతోని బస్సెక్కించింది. "క్యా అమ్మా, మూటకు పెండ్లా?" అన్నడు కండక్టర్.

హాస్టల్ చూసుకునే అక్క ఆ పసుపు చూసి గడపకాడనే ఆపింది. "ఇది విగ్రహం ముంగట పెట్టింది. లోపలికి రాదు" అన్నది. ఆమెది గూడ భక్తే, తప్పు పట్టను. గని మా అమ్మ మూట అట్ల బయట పడుంటే నా పానం ఉసూరుమన్నది. తిరిగి తీసుకపోయి ఏమని చెప్పాలె?

కిర్రు కిర్రుమని చెప్పులొచ్చినయి. పెద్ద టీచరమ్మ మూటను చూసింది, నన్ను చూసింది. వంగి, దాన్ని సొంతబిడ్డ లెక్క చంకకెత్తుకున్నది. "ఈ పిల్లల కడుపుల కోసం రోజూ మోకాళ్ల మీద అడుగుతున్న. ఇయ్యాల ఒచ్చినయి. ఏ తొవ్వల పంపినవని తండ్రిని నిలదీయాల్నా? లోపలికి తీస్కపోయి పిండి విసురుర్రి" అన్నది. తెల్లచీర నిండ పసుపు మరక. సాయంత్రం ప్రార్థనకు అదే చీరతోని ఒచ్చింది.

ఆ తర్వాత సంగతి నలుగురికి తెలిసి మూటలు ఒచ్చుడు షురువైంది. అక్కడ చదివి ఊర్లల్ల టీచర్లైన అక్కలు చిట్గుప్ప దిక్కు నుంచి గూడ పంపిండ్రు. కొన్ని చర్చి కుండలవి, కొన్ని పసుపు కుండలవి. పిండైనంక ఏది ఎవరిదో ఎవరికి ఎరుక? ఆపిన అక్కనే రొట్టె కొట్టుకుంట, "మీ అమ్మ జొన్నల రొట్టె విరగదు పిల్లా, మంచిగ సాగుతున్నది" అన్నది. నేను మహారాణి లెక్క తలూపిన.

పరీక్షలు రాసినం. అందరం పాసైనం. ఆఖరు దినం పెద్ద టీచరమ్మ తాళమేస్తుంటే మేం గొల్లుమన్నం. "ఎందుకేడుస్తర్రు? పరీక్షల దాక నడిపియ్యమనే అడిగినం. నడిపిచ్చిండు" అన్నది. ఆమె కండ్లల్ల గూడ నీళ్లే. కుండల మిగిలిన జొన్నలు ఒక పిడికెడు నా కొంగుల పోసి, "మీ అమ్మకియ్యి" అన్నది. అమ్మ వాటిని కండ్లకద్దుకొని, ఆ పిడికెడుతోనే మళ్ల కుండ మొదలువెట్టింది.

ఆ కుండనే ఇది. నిండినప్పుడల్లా పక్క గల్లీల ఆడపిల్లల హాస్టల్‌కు పోతది. కాలేజి పోయింది, పెద్ద టీచరమ్మ పోయింది, అమ్మ పోయింది. నా పిడికిలి గూడ ముడతలు పడి చిన్నగైంది. నిన్న నేను చాయ్ గిలాస పట్టుకొని అట్లనే కూసుంటే, మా కోడలు తన పిడికెడు గూడ తీసి కుండల ఏసింది. ఆమె పిడికిలి నా దానికంటె పెద్దది.