సున్నం కొట్టని పొయ్యిగోడ

జమ్మలమడుగులో బొంతలు కుట్టి బతికే బిస్మిల్లా బీకి ఆ ఒంటిగది తప్ప వేరే నీడ లేదు. మనుషులుంటున్న ఇళ్లకే పట్టా అనీ, ఖాళీ ఇళ్ల స్థలం రోడ్డులో కలిపేస్తారనీ ఆ ఏడు దండోరా వేశారు. ఆఫీసరు వస్తున్నాడంటే, దేవుడు పంపిన అతిథే వస్తున్నట్టు తలచిందామె. సామానంతా పక్కింటి గోవిందమ్మ ఇంట్లో పెట్టి, పొయ్యి ఎత్తేసి, మసిగోడతో సహా సున్నం కొట్టింది. చాపలు ఉతుక్కురావడానికి పెన్నకు పోయింది.

తిరిగొచ్చేసరికి తలుపు మీద సుద్దతో ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. అప్పుడే అంగడి కట్టేసి వచ్చిన ఎదురింటి దర్జీ మౌలాలి అది చదివి తల పట్టుకున్నాడు.

“ఏందిరా అది?”

“అన్‌ఇన్‌హాబిటెడ్ అని రాసినాడు ఖాలా. మనుషులు లేని కొంప అని.”

“నేనుండాను కదరా, రాయి మాదిరి!”

“నువ్వుంటే ఇన్‌హాబిటెడ్ అని రాయాల. పెండ్లికి తీర్చినట్టు తీర్చి పెట్టినావు, పొయ్యి గూడా లేదు! పా, ఆయప్ప బస్సెక్కితే అంతే.”

తడి చాపలు అక్కడే పడేసి ఆమె పరుగెత్తింది. వీధి చివర ఆఫీసరు దొరికాడు.

“సారూ, నా ఇల్లు ఇన్‌హాబిటెడ్ సారూ!”

ఆ మాటకు ఆశ్చర్యపోయి ఆయన వెనక్కి వచ్చాడు. ఖాళీ గదిలో మాట్లాడితే ఆయన గొంతే తిరిగి వినిపించింది.

“మాట బాగానే నేర్చావమ్మా. పొద్దుటి నుంచీ పాడుబడ్డ కొట్టాలకు కూడా ఇట్లాగే సాక్షులొస్తున్నారు. ఇక్కడ మనిషున్న ఆనవాలేదీ?”

సామాను చూపిద్దామంటే గోవిందమ్మ ఇంటికి తాళం వేసి చేనికి పోయింది. బిస్మిల్లా బీ పెదవులు అల్లాను తలుచుకుంటున్నాయి. బయట బస్సు హారను మోగింది. ఆయన గడప దాటబోయాడు.

అంతలో మేత నుంచి మళ్లిన మంద వీధిలోకి వచ్చింది. అందులోంచి ఒక మేక విడిపోయి, ఆఫీసరు కాళ్లను నెట్టుకుంటూ లోపలికి దూరింది. నేరుగా వాయవ్య మూలకు పోయి, రోజూ కుడితి కుండ ఉండే చోట నేల నాకి, కుండ కనపడక బిస్మిల్లా బీ వైపు తిరిగి గట్టిగా అరిచింది.

“ఉండే, తెస్తాండా,” అన్నదామె, ఏడుపు ఆపుకోలేక.

చేనినుంచి వచ్చిన గోవిందమ్మ సంగతి విని, తాళం తీసి కుడితి కుండ తెచ్చి మూలన పెట్టింది. మేక మూతి ముంచింది. ఆఫీసరు జేబురుమాలుతో తానే తలుపు తుడిచి, కొత్త మాట రాశాడు.

ఆ తర్వాత ప్రతి పండక్కీ ఆమె ఇంటికి సున్నం కొట్టేది. పొయ్యి వెనక గోడను మాత్రం ముట్టుకునేది కాదు. ఎవరైనా అడిగితే, “అది ఇన్‌హాబిటెడ్ గోడ, ఉండనీ” అనేది.