రహస్యం బాబాయి, తలుపు సందు

బాబాయి తన నీడను కూడా నమ్మడు. ఎండలో కూర్చుని బొమ్మ గీస్తుంటే నీడ తొంగిచూస్తోందని పక్కకు జరిగే రకం. తను కనిపెట్టిన వస్తువును కాజేయడానికి లోకమంతా కాచుకు కూర్చుందని ఆయన భయం. అందుకే ఇంటిల్లిపాదీ ఆయన్ని రహస్యం బాబాయి అనేవారు. ఆ వస్తువుకు పేరు లేదు. "అది" అనేవాడు, అదైనా గొంతు తగ్గించి.

అదేమిటో తెలిసిన మనిషి ఇంట్లో అన్న కూతురు ఒక్కతే. ఆమె భౌతికశాస్త్రం చదువుకుంది. చదువు భయం తీరుస్తుందంటారు గానీ, ఆమెకు మాత్రం పెంచింది. తలుపును అంచు దగ్గర మెల్లగా తోసినా, మడతబందు దగ్గరి సందులో ఆ బలం ఎన్నో రెట్లవుతుంది. నడక నేర్చిన తన పాప ఏ తలుపు దగ్గరకు వెళ్లినా ఆమె ప్రాణం ఆ సందులో ఇరుక్కునేది. అక్కడ వేలు పడితే తలుపు మూసుకోకుండా ఆపే చిన్న స్ప్రింగు పట్టీయే బాబాయి "అది".

దాన్ని చేయించిన తీరు ఇంకో కథ. రేకుపని ఆయనకు చిలక పంజరమని చెప్పాడు. గడియారాలు బాగుచేసే ఆయనకు ఎలుకల బోనన్నాడు. ఇద్దరికీ కావాలనే కొలతలు కాస్త పెంచి చెప్పి, ఇంటికి తెచ్చి, గడియ పెట్టుకుని ఆకురాయితో అరగదీసేవాడు. అసలు కొలత ఆకురాయికి తప్ప తెలియకూడదట. పాపం రేకుపని ఆయన, ఎదురైనప్పుడల్లా చిలక మాట్లాడుతోందా అని అడిగేవాడు.

"లేదు. దానికీ ఎవరిమీదా నమ్మకం లేదు," అనేవాడు బాబాయి.

పేటెంటు లేనిదే ఏ ఫ్యాక్టరీతోనూ ధైర్యంగా మాట్లాడలేమని నచ్చజెప్పి, అన్న కూతురు ఆయన్ని వకీలు దగ్గరకు లాక్కెళ్లింది.

"ఏం కనిపెట్టారండీ?" అన్నాడు వకీలు.

"అది చెప్పేది కాదు."

"చెప్పకపోతే అర్జీలో ఏం రాయను?"

"చుట్టూ మీరు రాసేయండి. మధ్యలో నేను నింపుకుంటాను."

వకీలు చేత ఒట్టు వేయించి, కిటికీ మూయించాక గానీ బాబాయి జేబురుమాలు మూట విప్పలేదు. చూసి వకీలు ముచ్చటపడ్డాడు. ఆ వెంటనే, దీన్ని బయట ఎక్కడైనా బిగించారా అని అడిగాడు. పనిచేసే తీరు ముందే నలుగురి కంటా పడితే హక్కు దక్కడం కష్టమన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. అడగాల్సిన మనిషినే అడుగుతున్నారు అనబోయి, బాబాయి వైపు చూసింది. ఆయన మెడ గోక్కుంటున్నాడు.

"పాప వెళ్లే ప్లేస్కూల్లో," అన్నాడు. "అన్ని తలుపులకీ."

 లోపలి పనితనం ఎవరైనా చూశారేమో ముందు తేల్చుకురమ్మన్నాడు వకీలు. బాబాయిని వెంటబెట్టుకుని బయల్దేరిన ఆమెకు దారి పొడుగునా ఒకటే భయం. అక్కడికి రోజూ వచ్చే తండ్రుల్లో ఇంజనీర్లే బోలెడు మంది. ఒక్కడు ఫోనుతో ఫోటో తీసినా ఇన్నాళ్ల శ్రమ గాలికి పోయినట్టే.

ప్లేస్కూల్లో ఏ తలుపు చూసినా మడతబందు పక్కన ఒక గుడ్డ కుందేలు వేలాడుతోంది. పట్టీలన్నీ వాటి పొట్టల్లో ఉన్నాయి. ఎక్కడా విప్పే వీల్లేకుండా దగ్గరదగ్గరగా కుట్లు. ఒక చెవి పొడుగు, ఒకటి పొట్టి. బాబాయి కుట్టే అని తెలిసిపోతోంది.

ఎవరైనా విప్పి చూశారా అని ఆయాను అడిగింది.

"ఎవరు విప్పనిస్తారమ్మా?" అంది ఆయా. "విప్పితే కుందేలుకు నొప్పని మీ బాబాయిగారు పిల్లలకు చెప్పారు. దుమ్ము దులపడానికి వెళ్లినా నా కొంగు పట్టుకుని లాగేస్తారు."

"ఎప్పుడు బిగించారు?"

"మీ పాప చేరిన రోజే. ప్రతి తలుపూ తడిమి చూసి, ఏడుస్తూ వెళ్లారుగా మీరు? అటు మీరు వెళ్లారు, ఇటు ఆయన సంచీతో వచ్చారు. మీకు చెప్పొద్దన్నారు, తలుపులంటే ఇంకా భయపడతారని."

ఆమె బాబాయి వైపు తిరిగింది. అర్జీ పెట్టేదాకా ఆగలేకపోయావా అని అడగాలనుకుంది.

"అర్జీ రేపైనా పెట్టొచ్చమ్మాయ్," అన్నాడాయన గోడకేసి చూస్తూ. "వేళ్లు మళ్లీ మొలవవుగా."

ఎవరూ చూడలేదని ఫోనులో వినగానే వకీలు హమ్మయ్య అన్నాడు. ఈ పూటే అర్జీ పెట్టేద్దాం, తిన్నగా ఇటే రమ్మన్నాడు. ఇద్దరూ గేటు దాటుతుంటే ఒక తల్లి ఆపి, ఆ కుందేళ్లు ఎక్కడ అమ్ముతారని అడిగింది.

బాబాయి అన్న కూతుర్ని చెట్టు చాటుకు లాగాడు. అటూ ఇటూ చూశాడు. చెవిలో అన్నాడు:

"ఆవిడింట్లో తలుపులెన్నో మెల్లగా కనుక్కో."