గణపతి సామి, పాపాల తొట్టి

ప్రొద్దుటూరు బట్టల బజారు వెనక సందులో ఒక చిన్న శివాలయం ఉంది. దాని పూజారి గణపతి. నలభై ఏడేళ్ల మనిషి, శానా మెత్తన. అభిషేకానికని ఎవరైనా విరిగిన పాలు తెచ్చిస్తే ‘విరిగాయమ్మా’ అని చెప్పలేక, ఆ చెంబు పక్కన పెట్టి ఇంటి నుంచి మంచి పాలు తెప్పించేవాడు. ధర్మకర్త వీరభద్రయ్య ఏమన్నా సరేననేవాడు, ఇంట్లో భార్య ఏమన్నా సరేలెమ్మనేవాడు. ఆయన నోటి నుంచి ‘కాదు’ అనే మాట విన్న మనిషి ఆ సందులో లేడు.

అలాంటివాడు ఆదివారం సాయంత్రమయ్యేసరికి పంచె విప్పి నల్ల నిక్కరు తొడుక్కుని, పిలకను టోపీలోకి దోపి, మెళ్లో ఈల తగిలించుకునేవాడు. ఈల తాడు జంధ్యానికి చిక్కుకుంటే విప్పుకోవడానికే కాసేపు పట్టేది. చిన్నప్పుడు వేదపాఠశాలలో గోచీ బిగించి ఆడిన ఫుట్‌బాల్ ఆయనను ఇంకా వదల్లేదు. ఆడే వయసు దాటాక కడపకు పోయి రెఫరీ పరీక్ష రాసి వచ్చాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పిల్లల జట్లకు జరిగే పోటీలన్నిటికీ ఆయనే రెఫరీ. ఇంకెవరూ ఒప్పుకోకపోవడమే దానికి కారణం.

ఒప్పుకోకపోవడంలో వాళ్ల తప్పూ లేదు. ఈ సీమలో పిల్లవాడు అమ్మా అనడానికి ముందే యాడ అని అడగడం నేర్చుకుంటాడు. ఈల మోగితే చాలు, ఇరవై రెండుమందీ బంతిని వదిలేసి గణపతి చుట్టూ మూగేవాళ్లు. యాడ తగిలింది, ఎవరు చూసినారు, నువ్వు ఆ పక్క తిరిగి ఉంటివి కదా సార్ అని నిలదీసేవాళ్లు. గణపతి ఒక్కొక్కరికీ ఓపిగ్గా సమాధానం చెప్పేసరికి పొద్దు గుంకేది. ఒకసారి గీత దాటిన బంతిని లోపలికి విసిరే త్రో-ఇన్ గురించి మొదలైన వాదన చీకటి పడేదాకా సాగి, ఆ త్రో వెయ్యనే లేదు.

పోటీలు నడిపే ఫణీంద్ర ఒక ఆఫీసులో గుమాస్తా. విదేశాల్లో పిల్లల ఆటల్లో రెఫరీకి ఎదురు మాట్లాడితే పది నిమిషాలు బయట కూర్చోబెడతారని, దాన్ని సిన్ బిన్ అంటారని ఫోన్లో చదివాడు. చదివిన వారంలోనే ఇక్కడా పెట్టేశాడు. మైదానం పక్కన సున్నంతో గిరి గీయించాడు. అంతటితో ఆగినా బాగుండేది. గుమాస్తా కాబట్టి దానికొక బోర్డు ఉండాలన్నాడు, బోర్డు తెలుగులో ఉండాలన్నాడు. సిన్ అంటే పాపం, బిన్ అంటే తొట్టి. పెయింటరు ఎర్రరంగుతో ‘పాపాల తొట్టి’ అని రాసి, అందం కోసం కింద రెండు తామరపూలు కూడా వేశాడు.

ఆ తొట్టిలో మొదట కూర్చున్నవాడు ప్రొద్దుటూరు జట్టు పిల్లవాడు అనిరుధ్. మరునాడు సోమవారం. పొద్దున్నే వాళ్ల అవ్వ అలివేలుమంగమ్మ వాడి చెయ్యి పట్టుకుని గుడికి లాక్కొచ్చింది.

“సామీ, మా వంశంలో ఇట్లాంటి తొట్లో కూచున్నోడు లేడు. దీనికి ప్రాయశ్చిత్తం ఏంది?”

అది పాపం కాదమ్మా, ఆట అని గణపతి చెప్పి చూశాడు. బోర్డు మీద రాసిండారు కదా అందామె. రాసినవాడు పెయింటరమ్మా అన్నాడు. కూచోబెట్టింది నువ్వు కదా అందామె. గణపతి ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అభిషేకం నీళ్లు తల మీద పోసి, తోచిన మంత్రం నాలుగు ముక్కలు చదివి పంపించాడు.

ఆ సంగతి సందులో పాకింది. ఆపై వారం నలుగురు వచ్చారు. ఆ తర్వాత జమ్మలమడుగు నుంచి ఆటోలో వచ్చారు. ఆదివారం తాను తొట్టిలోకి పంపిన పిల్లలే సోమవారం తడి జుట్టుతో తన ముందు బారులు తీరి కూర్చునేవాళ్లు. వాళ్లలో ఒకడు, తల మీద నీళ్లు కారుతుంటే కూడా, నిన్న ఆ ఫౌల్ నాది కాదు సార్ అన్నాడు. అలవాటు కొద్దీ గణపతి చెయ్యి ఈల కోసం వెతుక్కుంది. గుడిలో ఈల ఉండదు కాబట్టి వాడు బతికిపోయాడు.

పులివెందుల జట్టును ఆడించే డ్రిల్లు టీచరు నిర్మలమ్మకు ఇది నచ్చలేదు. ఫణీంద్ర ముందే గణపతిని పట్టుకుని అడిగేసింది. “మా పిల్లోల్లను పాపాల్లో ముంచేదీ నువ్వే, మీ ఊరికి పిలిపించుకోని కడిగేదీ నువ్వే. ఇదేం యాపారం సామీ?” దక్షిణ ఎన్నడూ ముట్టలేదని చెప్పాలనుకుని, ఎదురు చెప్పినట్టవుతుందేమోనని గణపతి నేల చూశాడు.

ధర్మకర్త వీరభద్రయ్య మాత్రం ఉబ్బిపోయాడు. నగల వ్యాపారి ఆయన. ఎన్నాళ్లుగానో ప్రదోషానికి తప్ప మనిషి మొహం ఎరగని గుడి, సోమవారం సోమవారం కిటకిటలాడుతోంది. గెలిచిన జట్టుకిచ్చే కప్పు కూడా ఆయన చేయించిందే. ఒకరోజు గణపతిని పక్కకు పిలిచి, ఆదివారం ఇంకొంచెం గట్టిగా ఉండు సామీ అని సలహా ఇచ్చాడు. గణపతి ఎప్పటిలాగే సరేనన్నాడు. అంతేకాదు, నిజంగానే గట్టిపడ్డాడు. అదీ అసలు సంగతి. జన్మలో మొదటిసారి తన మాటకు మారుమాట లేదు. వేలు చూపిస్తే మనిషి వెళ్లి కూర్చుంటున్నాడు. ఆ రుచి మెత్తని మనిషికి త్వరగా తలకెక్కుతుంది. చివరికి కనుబొమ్మ ఎగరేసినవాణ్ణి కూడా తొట్టికి పంపసాగాడు.

ఫైనల్ జమ్మలమడుగులో జరిగింది. ప్రొద్దుటూరు, పులివెందుల చెరో గోల్ కొట్టి ఉన్నాయి. ఆట ముగిసే వేళకు ప్రొద్దుటూరు పిల్లవాడు నయీం ఎడమ పక్క నుంచి బలంగా కొట్టాడు. బంతి వలలో కనబడింది. గణపతి ఈల ఊది గోల్ అన్నాడు. వీరభద్రయ్య కుర్చీలోంచి లేచి కప్పును తుడవడం మొదలుపెట్టాడు.

నయీం మాత్రం ఎగరలేదు, గంతులెయ్యలేదు. నేరుగా గణపతి దగ్గరకు వచ్చాడు.

“సార్, అది గోల్ కాదు. పక్కన వల చినిగింది. బాల్ బయట నుంచి దూరింది.”

 తమకు గోల్ ఇచ్చినందుకు ఎదురు తిరిగినవాణ్ణి గణపతి ఇంతవరకు చూడలేదు. కానీ నియమంలో ఎవరి తరఫున ఎదురు చెప్పాలో రాసిలేదు, ఎదురు చెప్పకూడదని మాత్రమే ఉంది. తొట్టి వైపు వేలు చూపించాడు. నయీం వెళ్లి కూర్చున్నాడు.

పులివెందుల కెప్టెన్ విష్ణుతేజ వచ్చి, ఆ పిల్లోడు చెప్పేది నిజం సార్ అన్నాడు. వాడూ తొట్టికే. మావోళ్లను ఎందుకు పంపిస్తాండావని వాళ్ల జట్టులో ముగ్గురు అడిగారు. ముగ్గురూ వెళ్లారు. నయీమే కాదంటుంటే మాకెందుకు సార్ ఆ గోల్ అని ప్రొద్దుటూరు పిల్లలు వచ్చారు. వాళ్లనూ పంపించాడు. బంతి నడిమికి చేరనే లేదు, గణపతి వేలు మాత్రం దించే పని లేకుండా తిరుగుతోంది. గిరిలో చోటు చాలక ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. నయీం అవ్వ మహబూబ్‌బీ తెచ్చిన బొరుగుల పొట్లం ఆ జట్టు ఈ జట్టు అని లేకుండా చేతులు మారింది. ప్రొద్దుటూరు వాడొకడు చెప్పిన మాటకు పులివెందుల వాళ్లు పొర్లి పొర్లి నవ్వారు.

గణపతి చుట్టూ చూసుకున్నాడు. మైదానంలో గోల్ కాసే గోలీలు ఇద్దరు, తాను. ఒక గోలీ బూటు తాడు కట్టుకుంటున్నాడు.

అప్పుడు మహబూబ్‌బీ గిరి దగ్గర నుంచే పిలిచింది. “సామీ, మా వోడు చేసింది పాపం కాదు, నిజం చెప్పినాడు. నువ్వు పోయి చూసి రారాదా?”

ఎంత చిన్న మాట. పోయి చూడవచ్చు. ఇన్ని వారాల్లో ఆయనకు ఆ ఆలోచనే రాలేదు. గణపతి నడిచి వెళ్లి వల పక్కన వంగాడు. చినుగు ఎంత పెద్దదంటే ఆయన టోపీతో సహా తల దూర్చి ఇవతల నుంచి అవతలకు చూశాడు.  తల ఇవతలికి లాక్కుంటే టోపీ అక్కడే ఉండిపోయి, పిలక బయటపడింది. దాన్ని సర్దుకోకుండానే వచ్చి, అడ్డంగా చెయ్యి ఊపి, గోల్ లేదన్నాడు. మహబూబ్‌బీ పొట్లం దారంతో చినుగు ముడేసింది. తొట్టిలోంచి అందరినీ లేపేసరికి చీకటి పడింది. బంతి కనబడక, రెండు జట్లూ గెలిచినట్టేనని ఫణీంద్ర ప్రకటించాడు. కప్పు ఆరు నెలలు ఒక ఊళ్లో, ఆరు నెలలు ఇంకో ఊళ్లో.

సోమవారం పొద్దున వీరభద్రయ్య మండపంలో నిలబడి ఉన్నాడు. ఆ కప్పు ఏడాదంతా తన అంగడి అద్దాల బీరువాలో మెరుస్తుందని ఆయన అందరికీ చెప్పుకున్నాడు.

“ఇచ్చిన గోల్ మళ్లా ఎనక్కి తీసుకునేదేంది సామీ? దేవునికి కొట్టిన టెంకాయ ఇంటికి తీస్కపోతామా?”

“సగం చిప్ప తీస్కపోతాం కదా,” అన్నాడు గణపతి. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తానే తిరిగి చూసుకున్నాడు.  అయినా ఆగలేదు. “అయ్యా, అది గోల్ కాదు.”

“నేను కళ్లారా చూసినా.”

“మీరు చూడల్యా. నేనూ చూడల్యా. ఆ పిల్లోడు చూసినాడు.”

వీరభద్రయ్య మొహం ఎర్రబడింది. నాకే ఎదురు చెప్తాండావు కాబట్టి పది దినాలు గుడి మెట్లు ఎక్కొద్దు, ఇంట్లో కూచో అన్నాడు. గణపతి ఉత్తరీయం భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. భయపడవలసిన మనిషి సందు మలుపులో ఆగి చిన్నగా నవ్వుకున్నాడు. ఇంటికి వెళ్లి కడుపునిండా తిని, గురకపెట్టి నిద్రపోయాడు. ‘కాదు’ అనడంలో ఇంత హాయి ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. పిల్లలు అదే మాట కోసం ఎందుకంత కొట్టుకుంటారో అప్పుడు తెలిసింది.

గుడికి వేంపల్లె నుంచి ఇంకో పూజారి వచ్చాడు. జనం చెప్పులు విడిచి లోపలికి వచ్చేలోపే అభిషేకం ముగించి హారతి పళ్లెం చాపేవాడు. అలివేలుమంగమ్మ మరో పదిమందిని వెంటేసుకుని నగల అంగడికి వెళ్లి, బేరానికి వచ్చినవాళ్ల ముందే ధర్మకర్తను కడిగేసింది. గడువు తీరకుండానే కబురు వచ్చింది. గణపతి వెళ్లి గర్భగుడి తలుపు తీశాడు. ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, వీరభద్రయ్యా ఎత్తలేదు.

తర్వాత ఫణీంద్రను కూర్చోబెట్టి, పిల్లల నోరు బొత్తిగా కుట్టేస్తే నిజం ఎవరు చెప్తారని గణపతి అడిగాడు. చెప్పనిస్తే ఆట ఎప్పుడు అయిపోతుందని ఫణీంద్ర అడిగాడు. కాసేపు ఎదురెదురుగా వాదించుకుని నియమం మార్చారు. జట్టు కెప్టెన్ రెఫరీతో ఒకే ఒక్క వాక్యం చెప్పవచ్చు. రెండో వాక్యం ఎత్తుకుంటే తొట్టి.

కొత్త నియమంతో మొదటి ఆట పులివెందులలో జరిగింది. గణపతి ఫౌల్ ఊదాడు. విష్ణుతేజ గుండెల నిండా గాలి పీల్చుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

“సార్, నేను బాల్ తీసుకోని పోతాంటే వాడు ఎనక నుంచి వచ్చి చొక్కా పట్టుకోని లాగితే నేను పడబోయి మళ్లా నిలదొక్కుకోని బాల్ కాడికి ఉరికితే ఆడ ఇంకోడు కాలు అడ్డం పెట్టి, పెట్టింది చాలక మోచేత్తో పొడిచి, పొడిస్తే నేను ఏందప్పా అని అడగబోయి మీరు తొట్టికి పంపిస్తారని నోరు మూసుకోని...”

అవతలి గోలీ నేల మీద కూలబడ్డాడు. అవతలి కెప్టెన్ తన వంతు వాక్యం కోసం మంచినీళ్లు తాగి వచ్చాడు. గణపతి ఈలను పెదవుల దగ్గర పెట్టుకుని, తల ఊపుతూ, వాక్యం ముగించే క్రియ కోసం ఎదురు చూస్తూ నిలబడ్డాడు.