ఏనుగు ఇంకా నీళ్లలోనే ఉంది

కుక్కర్ మీద ఆవిరి బుస్సుమని లేచి ఒక్కసారిగా ఆగిపోతుంది చూడండి, ఆ ఆగిపోవడం దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బీరంగూడలోని ఈ ఫ్లాటులో, పట్టపగలు, పక్కింట్లో టీవీ మోగుతున్నా సరే. వెంటనే రుక్కవ్వ గుర్తొస్తుంది. జిన్నారం దగ్గరి ఊళ్లో మా ఇంటి ఓనరు ఆమె. పొలాలు కంపెనీలకు పోగా ఆమెకు పెంకుటిల్లు మిగిలింది. ఇంటి వెనుక కుంట, కుంటకు అవతల మందుల కంపెనీ. మా ఆయన ఆ కంపెనీలోనే పనిచేసేవాడు. ముందు గదిలో మేం కిరాయికి ఉండేవాళ్లం.

ఆ గదిలో ఉన్నప్పుడే మా బాబు జ్వరంతో పోయాడు. మూడేళ్లు నిండలేదు. మొక్కని దేవుడు లేడు, కట్టని ముడుపు లేదు, ఒక్కరూ పలకలేదు. పటాలన్నీ గోడవైపు తిప్పేశాను. మా ఆయన సెకండ్ షిఫ్టుకు వెళ్లాక, సందె వేళ కుంట గట్టున నిలబడేదాన్ని. నీళ్ల మీద తెల్లటి నురగ. ఒక్క పక్షీ వాలేది కాదు. అవతల కంపెనీ ఆవిరి వదిలితే, ఏదో పెద్ద జంతువు నీళ్లలో ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. అది నన్నే రమ్మంటోందని అనిపించేది. నాకూ వెళ్లాలనే ఉండేది.

ఒక సాయంత్రం రుక్కవ్వ వెనక నుంచి పిలిచింది.

"బిడ్డా, నా కండ్లకు పొరలొచ్చినయి. జెర పురాణం సదివి పెట్టు."

"నాతోని కాదవ్వా. నాకు ఏ దేవుడూ లేడు."

"లేకపోతె లేకపాయె. సదువనైతె వస్తది గదా?"

ఆ వెటకారానికి ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. కుంటకు ఎదురుగా వెనుక వరండాలో పీట వేసి, మొసలికి చిక్కిన ఏనుగు కథ తీయించింది. బలం ఉడిగి, తోటి ఏనుగులూ ఏమీ చేయలేకపోయాక, అసలు దేవుడున్నాడా అని ఆ ఏనుగు అనుమానపడుతుంది. అక్కడికి రాగానే రుక్కవ్వ "ఆపు" అంది.

కష్టం మధ్యలో పురాణం ఆపకూడదని, మంచి ఘట్టం వచ్చాకే పుస్తకం మూయాలని మా అమ్మ నేర్పింది. అదే చెప్పాను.

"నాకు తెల్వదా? విను," అంది, కుంటవైపు చెవి పెట్టి. "ఇంక నీళ్లల్లనే ఉన్నది."

అవతల ఆ ఊపిరి వినపడింది. మర్నాడూ అంతే, ఆ పై రోజూ అంతే. నేను గట్టు మీదికి వెళ్లే వేళకే పిలిచేది, అక్కడే ఆపేది. చివరికి విసుగొచ్చి, దేవుడు వచ్చేదాకా ఎందుకు చదవనివ్వవని అడిగాను.

"వచ్చుడు ఆయన ఇష్టం. గని ఏనుగు ఉన్నవా లేవా అని మొకం మీద అడిగినా, ఆ మాటను దేవుని పుస్తకంలకెల్లి ఎవ్వలు తీసెయ్యలే. ఆ పుస్తకానికే పసుపు కుంకుమ పెట్టి మొక్కుతున్నరు. మరి నువ్వడిగితె తప్పెట్లయితది? నా మొగడు పోయిన్నాడు నేను తిట్లే తిట్టిన."

ఆ సాయంత్రం అక్కడిదాకా చదివి, పుస్తకంలో లేకుండా నా నోటితోనే అడిగాను. ఉన్నావా? ఉంటే నా కొడుకు ఏడీ? బాబు పోయాక అదే మొదటిసారి ఏడవడం. అవతలి చప్పుడు టక్కున ఆగిపోయింది. ఎవరో వినడానికి ఊపిరి బిగబట్టినట్టు కుంటంతా నిశ్శబ్దమైంది. రుక్కవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఆమె కూడా కుంటవైపే చెవి పెట్టి వింటోంది.

మర్నాడు మా ఆయనను అడిగితే, "ఆవిరి ఆపుడేంది? నిన్న బాయిలర్ ఆపనే లే," అన్నాడు. గట్టు మీదికి మళ్లీ వెళ్లలేదు.

తర్వాతి వానకాలం రుక్కవ్వ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం పుస్తకం తెమ్మని, "ఇయ్యాల ఆపకు," అంది. దేవుడు వచ్చి ఏనుగును విడిపించేదాకా చదివాను. తలెత్తి చూస్తే ఆమె తలుపువైపు చూస్తోంది. ఎవరో కూర్చోవడానికి చోటు ఇస్తున్నట్టు కాళ్లు మెల్లగా ముడుచుకుంది. గుమ్మంలో ఎవరూ లేరు.

"ఎవరవ్వా?"

"నువ్వు సదువు."

తెల్లారేసరికి ఆమె లేదు.

ఆ మంచం మీద ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు. దేవుడు వచ్చాడని సాక్ష్యం చెప్పలేను. నా బాబు రాలేదు, ఆ కోపం పోలేదు. కానీ ఆ కోపం చెప్పుకోవడానికే పటాలు ఇటు తిప్పుకున్నాను, రోజూ పుస్తకం తెరుస్తాను. ఉన్నావా అని అడగడం మానలేదు. మానితే, లేవని నేనే జవాబు చెప్పినట్టవుతుంది.