దొరసాని కిటికీలో ధనియాలు

ధనియాలు వేగే వాసన తగిలితే చాలు, నేను పుదుచ్చేరిలో ఒక కిటికీ కింద నిలబడి ఉంటాను.

ఫ్రెంచివాళ్ళు ఊరు అప్పగించి పోతున్న రోజులవి. మా కొట్టుకు సరుకు తేవడానికి అవ్వ నన్ను పెద్ద అంగడికి పంపేది. మా ఇద్దరికీ రాత రాదు.

"తోవలో ఒక్కో ఇంటికాడ ఒక్కో సరుకు పెట్టినట్టు అనుకుంటా పో పాపా. అంగట్లో నిలబడి మనసులో మళ్ళీ అదే తోవన నడువు, అన్నీ అగపడతాయి. మరిచినావంటే రేపట్నించి నీ తమ్ముడే పోతాడు," అనేది.

ఉప్పుగాలిలో వీధి తేలుతున్నట్టుండేది. చింతపండు పచ్చ తలుపు దగ్గర, మిరియాలు చర్చి మెట్ల మీద, ధనియాలు ముసలి దొరసాని కిటికీలో పెట్టేదాన్ని. 'బోంజూర్' అని వాళ్ళ భాషలో పలకరిస్తే ఆమె బిస్కెట్టు ఇచ్చేది. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి అని రెండు రాబట్టేదాన్ని.

ఒకరోజు ఆ కిటికీ మూసి ఉంది. పెట్టెలతో, దొరసానితో జట్కా ఓడరేవు వైపు కదిలిపోతోంది. ఏడుస్తూ కొట్టుకు పరిగెత్తాను.

"అవ్వా, దొరసాని మన ధనియాలు ఎత్తుకుపోయింది!"

"ఏంది పాపా! ఊరే చేతులు మారతా ఉంటే నీకు ధనియాల ఏడుపా?" అవ్వ కొంగుతో నా ముఖం తుడిచింది. "నీ మనసులో కిటికీ ఎవురు మూసినారు? పో, మళ్ళీ పెట్టుకో."

పెట్టుకున్నాను. అంగడి నుంచి ధనియాలొక్కటే తెచ్చాను. మిగతావేవీ గుర్తు రాలేదు. మర్నాటి నుంచి తమ్ముడే వెళ్ళాడు.

ఇప్పుడు ఏ సరుకు విలువైనా చూపుతోనే కట్టేస్తానని గొప్పలు పోతుంటాను. ఆ రోజు నేను ఏడ్చింది ధనియాల కోసం కాదని తెలియడానికి మాత్రం సగం జీవితం పట్టింది.