ఆకుపచ్చ దారం

పటమటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరయ్యాక కెమెరా కొని, పెరట్లో పిచ్చుకల్ని ఫొటోలు తీసేవారు. నేను తడిబట్టల బకెట్టుతో పెరట్లోకి అడుగుపెట్టగానే, వెనక్కి తిరగకుండానే అరచెయ్యెత్తి "కదలకమ్మా" అనేవారు. కెమెరా క్లిక్కుమనేదాకా నేను ఆ బరువుతో అలాగే నిలబడాలి. పిచ్చుక ఎగిరిపోతే తప్పు నాదే.

ఒకరోజు నా కుట్టుమిషను దగ్గరికొచ్చి, "కాస్త దారం ఇవ్వమ్మా, పిచ్చుకల కోసం. ఆకుపచ్చదే కావాలి" అన్నారు. వరికంకుల కుచ్చు కట్టి వేలాడదీస్తారనుకున్నాను. మా ఊళ్ళో కోతలయ్యాక మా నాన్న అలాగే కట్టేవాడు. ఈయనలోనూ ఇంత మంచి ఉందా అనుకుని మూరెడు అడిగితే బారెడు ఇచ్చాను.

కొన్నాళ్ళకి ఆయన ఫొటోకి ప్రైజొచ్చింది. పెద్దది చేయించి హాల్లో తగిలించి, చూడమని పిలిచారు. జామకొమ్మ మీద తల్లిపిచ్చుక పిల్ల నోట్లో పురుగు పెడుతోంది. కింద 'మాతృప్రేమ' అని రాయించారు. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటున్నారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. పిల్ల కాలిని కొమ్మకి కట్టేసింది నా దారమే.

"ఇదేంటండీ?" అన్నాను.

"కట్టకపోతే కదులుద్దమ్మా."

"మరి తర్వాత విప్పారా?"

"రీలయిపోయిందమ్మా. కడిగించడానికి స్టూడియోకి వెళ్ళిపోయాను."

పెరట్లోకి వెళ్ళి కొమ్మ వంచి చూశాను. ఇన్నాళ్ళూ ఆకుల్లో కలిసిపోయి కనబడని దారం అక్కడే వేలాడుతోంది. ముడిలో పుల్లలాంటి కాలు ఒక్కటే మిగిలింది.