కెమెరాకు నేనిచ్చిన పూచీ

మా ముత్తాత రామప్ప నాయకుడు ఏడూళ్ళకు పెద్ద. మా తాత చిన్నప్ప నాయకుడు ఎద్దు ఒంటి మీది సుళ్ళు చూసి "మంచిది" అంటే, సంతలో మరొకరు దాని పళ్ళు పట్టి చూసేవారు కాదు. అంతటి వంశం పరువును నేను అరచేతిలో పట్టే కెమెరాతో ఎలా బజారుకీడ్చానో చెబుతాను. నవ్వండి. కానీ నిటారుగా కూర్చుని నవ్వండి.

రెండేళ్ళ కిందట ఉరవకొండ దగ్గర మా వేరుశనగ రైతుల సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. గోదాముకు ఇంటర్నెట్ కెమెరాలు బిగిస్తేనే సబ్సిడీ విత్తనం దింపుతామన్నారు వ్యవసాయ శాఖవాళ్ళు. లేకపోతే మా రైతులు దానికోసం పరాయి ఊళ్ళో ఎండకు వరసలో నిలబడాలి. పైగా కొత్త నిబంధన: కెమెరాలో చిప్పు ఎక్కడిది, సాఫ్ట్‌వేర్ ఎవరిది, ఎవరెవరి చేతులు మారింది, అన్నీ పరీక్షించి ఇచ్చిన కాగితం ఉండాలి. నాకది తెగ నచ్చింది. పుట్టుపూర్వోత్తరాలు అడిగే చట్టం ఇన్నాళ్ళకు ఒకటొచ్చింది!

టౌనులో కెమెరాల అంగడివాడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"రా సామీ! మీ ముత్తాత పల్లకీ మా తాతలే మోసినారు."

మా ముత్తాత గుర్రం తప్ప మరేదీ ఎక్కి ఎరగడు. అయినా ఆ క్షణాన పల్లకీ నా కళ్ళకు కట్టింది. కాగితం అడగాల్సిన నోటితో, "ఇవి యాడివప్పా?" అన్నాను.

"మనవే సామీ. పెట్టె మింద జెండా బొమ్మ లేదా?"

తాతలు నేతులు తాగారు కాబట్టి నేను కెమెరా మూతి వాసన చూశాను. చేత్తో తూచాను. వేలితో తట్టాను. "మంచి జాతి" అని పన్నెండు కొన్నాను.

నా వెంట వచ్చిన సంఘం కార్యదర్శి మస్తాన్ గొణిగాడు. "కాగితం లేకుండా ఎట్లన్నా?"

"మా మాటే కాగితం!" అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? తేడా వస్తే సొంత ఖర్చుతో మారుస్తానని రాసి సంతకం కూడా పెట్టాను.

తనిఖీకి షమీమ్ అనే ఇంజనీరమ్మ వచ్చింది. గోదాము ముందు రైతులంతా చేరారు.

"కాగితం ఏది సార్?"

గొంతు సవరించుకుని రామప్ప నాయకుడి దగ్గర మొదలుపెట్టాను. పాపం, మూడు తరాలు ఓపికగా విన్నది.

"మీ వంశం తెలిసింది సార్. కెమెరా వంశం చెప్పండి."

ల్యాప్‌టాప్ తగిలించి చూసింది. "ఇది నిమిషానికోసారి ఏదో పరాయి దేశంతో మాట్లాడతాండాది."

"బంధువులుండరా తల్లీ?"

రైతుల నవ్వుకు గోదాము రేకులు అదిరాయి. ఆమె మాత్రం నవ్వకుండా మూత విప్పింది. చిప్పు మీద పేరు గీకేసి ఉంది.

"తండ్రి పేరు గీకేసుకున్నోనికి పిల్లనిస్తారా సార్?"

నా వెన్ను మొదటిసారి వంగింది. మస్తాన్ ఊరుకుంటాడా? "ఏమన్నా! ఎద్దును కొనాలంటే మూడు సంతలు తిరుగుతావు. దీన్ని పల్లకీలో ఊరేగించి తెచ్చినావే!"

తర్వాత వాడే మెత్తబడి, "పోనీలే, దుడ్లు సంఘంలో తీద్దాం" అన్నాడు.

"సంతకం నాది" అన్నాను. వెన్ను మళ్ళీ నిలబడింది.

వానల ముందే, కాగితాలున్న పన్నెండు కెమెరాలు బిగించాను. విత్తనం మా గోదాములోనే దిగింది. మా రైతు ఒక్కడూ పరాయి ఊళ్ళో నిలబడలేదు.

కనుక సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకపై టార్చిలైటు కొన్నా సరే, దాని వంశం విన్న తర్వాతే నా వంశం చెబుతాను.

ఆ కొత్త కెమెరాల కోసం మా పేరున మిగిలిన ఆఖరి అరెకరా చేను అమ్మాను.